వెనక చాప మీద రాసిన నవల

ఝాన్సీ జాకెట్టు గుడ్డను ఎంత నిదానంగా కత్తిరిస్తుందో, పగనూ అంత నిదానంగానే కత్తిరించింది. సఖినేటిపల్లి రేవుకు ఎగువన, ఏటిగట్టు కిందనున్న పేటలో ఆమె కుట్టుమిషను చప్పుడు వినని ఇల్లు లేదు. ఆమె కుట్టిన జాకెట్టు తొడగని ఆడమనిషీ దాదాపు లేదు. అయినా ఆదివారం వచ్చేసరికి ఆమె కుట్టిన జాకెట్లన్నీ ముందు చాపల మీద కూర్చునేవి. కుట్టిన మనిషి వెనక చాప మీద కూర్చునేది.

వాళ్ళది ప్రతి ఆదివారం రొట్టె విరిచే సంఘం. ఆరాధన చివర రొట్టె పళ్లెం, ద్రాక్షారసం గిన్నె చేతినుంచి చేతికి సాగుతాయి. దాన్నే వాళ్ళు బల్ల అంటారు. మగవాళ్ళ చాపలు ఒక పక్క, తలమీద ముసుగు కప్పుకున్న ఆడవాళ్ళ చాపలు మరో పక్క. సంఘం తప్పుపట్టినవాళ్ళకు మాత్రం గోడవారన విడిగా ఒక చాప ఉంటుంది. పళ్లెం ఆ చాప దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. ఎవరూ తిట్టరు, ఎవరూ గెంటరు. పళ్లెం తిరిగిపోతుంది, అంతే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరిమీదైనా మనసులో కక్ష ఉన్నవాళ్ళు తమంతట తామే రొట్టె ముట్టకుండా పళ్లెం పక్కకు అందించాలి. అలా అందించినవాళ్ళను మాత్రం పేటలో ఎవరూ చూడలేదు. కక్షలు లేక కాదు.

ఝాన్సీని వెనక చాప మీద కూర్చోబెట్టినవాడు సంఘపెద్ద కొండబాబు. భర్త పోయాక ఆమె మస్కట్ వెళ్ళింది. పంపించిన ఏజెంటు కొండబాబుకు స్వయానా బామ్మర్ది. ఒక ముసలమ్మను చూసుకునే పని అన్నాడు. తీరా వెళ్తే ఇంటినిండా మగవాళ్ళు, బయట తాళం, పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో. ఆ ఇంటి యజమాని తమ్ముడి చెయ్యి ఆమె మీదికి వచ్చిన రోజున ఆమె వంటింటి కిటికీలోంచి దూకి, కుంటుకుంటూ మన రాయబార కార్యాలయానికి చేరింది. ఇంటికి తిరిగొచ్చాక శుక్రవారం స్త్రీల కూటంలో జరిగింది జరిగినట్టు చెప్పింది. "అతను అన్నీ తెలిసే పంపేడు. ఇంకెవరూ అతని మాట నమ్మి వెళ్ళకండి" అంది.

ఆ వచ్చిన ఆదివారమే కొండబాబు లేచాడు. ఆయన ఏ మాట చెప్పినా ముందు ఒక వాక్యం చెబుతాడు. ఆరోజూ అలాగే మొదలుపెట్టాడు. "ప్రభువు నా నోట పెట్టేరు కాబట్టి చెబుతున్నాను. పరదేశంలో మన సోదరి నడత శుభ్రంగా లేదని తెలిసింది. విచారణ అయ్యేదాకా ఆమె బల్లకి దూరంగా ఉండాలి."

అభియోగం ఏమిటో సరిగా చెప్పలేదు. సాక్షి ఎవరో చెప్పలేదు. ఆమెను ఒక్క మాట అడగలేదు. గిన్నెలు ఎత్తుకుపోతూ పట్టుబడినవాణ్ణి కూడా కోర్టు 'నువ్వేం చెప్పుకుంటావు' అని అడుగుతుంది. దేవుడి పేరు పెట్టుకున్న ఆ గదికి ఆపాటి మర్యాద కూడా లేకపోయింది. విచారణ ఎన్నడూ జరగలేదు. జరగకపోవడమే శిక్ష. దాన్ని అనుభవించడం మొదలయ్యాక తీర్పు ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాతి ఆదివారం ఝాన్సీ తల్లి చిన్నమ్మలు ముందు చాప మీంచి లేచి, నడుం పట్టుకుని గోడదాకా నడిచొచ్చి కూతురి పక్కన కూలబడింది.

"నువ్వెందుకే ఇక్కడికి?" అంది ఝాన్సీ.

"నీకందని రొట్టె నాకేం రుచే" అంది చిన్నమ్మలు. "జరుగు."

ఆమె చనిపోయేదాకా అక్కడే కూర్చుంది. సమాధి దగ్గర ప్రార్థన చెయ్యడానికి వచ్చినవాడూ కొండబాబే. "ప్రభువు నా నోట పెట్టేరు కాబట్టి చెబుతున్నాను. బిడ్డ చేసిన పనికి సిగ్గుపడి ఈ తల్లి చివరిరోజుల్లో బల్లకి దూరమైపోయింది" అన్నాడు. గుంటలో వేయడానికి ఝాన్సీ పిడికిట్లో మట్టి పట్టుకుని ఉంది. మట్టిని వదిలింది. మాటను వదల్లేదు.

ఆమె చేతికి దొరికిన ఆయుధం విచిత్రమైనది. మస్కట్‌లో ఆమెను నిలబెట్టింది క్రైస్తవ మాసపత్రికల్లో వచ్చే సీరియల్ నవలలు. పక్కింట్లో పనిచేసే రాజోలు మనిషి ఒకామె వాటి పేజీలను ఫోన్లో ఫోటోలు తీసి పంపేది. వంట అయ్యాక, గిన్నెల మధ్య నిలబడి ఝాన్సీ చదివేది. ఆ కథల్లో కన్నీళ్ళకు కొదవ ఉండేది కాదు. తాగుబోతులు, మోసగాళ్ళు, చచ్చిపోయే పిల్లలు అందరూ ఉండేవారు. కాని ఏడ్చే ఆడదాన్ని ఎగతాళి చెయ్యడానికి కథ రాసినట్టు ఉండేది కాదు. ఎవరూ చూడని చోట జరిగినదాన్ని కూడా ఒకరు చూస్తున్నారని ఆ కథ నమ్మేది. తాళం వేసిన ఇంట్లో బతికే మనిషికి అంతకన్నా కావలసినదేముంది? పైగా చదివిన పేజీని తల్లికి ఫోన్లో వినిపించవచ్చు. తల్లి ముందు పలకడానికి సిగ్గుపడాల్సిన మాట ఒక్కటీ ఉండదు.

తల్లి పోయిన వర్షాకాలంలోనే ఆమె రాయడం మొదలుపెట్టింది. పగలు మిషను మీద జాకెట్లు, తీరిక దొరికితే అదే మిషను బల్ల మీద నవల. పేరు 'వెనక చాప'. రాసింది కరుణ అని పేరు పెట్టుకుని, అమలాపురంలో మాసపత్రిక నడిపే రిటైర్డ్ టీచరు జ్యోతిర్మయిగారికి పంపింది. ఆవిడ వెంటనే వేయడం మొదలుపెట్టారు.

ఇక్కడే కొండబాబు ఒక పొరపాటు చేశాడు. సంఘపెద్ద మాత్రమే చేయగలిగిన పొరపాటు అది. టీవీ సీరియళ్ళ మీద ఆయనకు మహా మంట. పత్రిక రాగానే, మొదటి భాగం పైపైన చూసి, ఆదివారం అందరిముందూ చేత్తో ఎత్తి చూపించాడు. "అత్తాకోడళ్ళ కుట్రలు చూసి కళ్ళు పాడుచేసుకునే బదులు ఇలాంటివి చదవండి. ఇది కదా క్రైస్తవ కథంటే. శుక్రవారం కూటంలో రత్నం చదివి వినిపిస్తుంది" అన్నాడు. రత్నం ఆయన భార్య. గొంతు బాగుంటుంది. తాను మెచ్చుకుని నలుగురిచేత నమ్మించినదాన్ని తానే కాదనడానికి చట్టం ఒప్పుకోదు. ఈ సూత్రం ఆయనకు చట్టం నేర్పలేదు, ఝాన్సీ నేర్పింది.

కొన్ని నెలలపాటు పేట ఆడవాళ్ళు నాయిక కోసం ఏడ్చారు. ఆ తర్వాత ఒక శుక్రవారం, కథలో సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. రత్నం గొంతు సవరించుకుని చదివింది: "ప్రభువు నా నోట పెట్టేరు కాబట్టి చెబుతున్నాను..."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఈయనెవరో అచ్చం మా ఆయన్లాగే మాట్లాడుతున్నాడేంటే" అంది రత్నం, నవ్వబోయి.

ఎవరూ నవ్వలేదు. అందరి తలలూ నెమ్మదిగా వెనక్కి తిరిగాయి. ఝాన్సీ ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతూ కూర్చుంది. తల ఎత్తలేదు. రత్నం మొహం మాడిపోయింది. అయినా పేజీ చివరిదాకా చదివింది. ఆపేస్తే ఒప్పుకున్నట్టవుతుందని ఆమెకూ తెలుసు.

ఆ రోజునుంచి పేటలో ఆ పత్రిక కోసం ఎదురుచూసినట్టు వర్షం కోసం కూడా ఎదురుచూడలేదు. కొండబాబు దాన్ని ఆపించలేడు. ఎందుకు ఆపాడో చెప్పాల్సి వస్తుంది.

చివరి భాగం రాసి ఝాన్సీ తానే అమలాపురం తీసుకెళ్ళింది. అందులో సంఘపెద్ద కాలు కుళ్ళి, నోట మాట పడిపోయి, మంచినీళ్ళిచ్చే దిక్కు లేకుండా చచ్చిపోతాడు. ఆ పేజీలు రాస్తున్నంతసేపూ ఆమెకు తల్లి పక్కన కూర్చున్నట్టే అనిపించింది. జ్యోతిర్మయిగారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బాగా చంపేవమ్మా. నాకే ఒళ్ళు జలదరించింది. కాని ఇది వెయ్యలేను."

"తప్పేంటండి? ప్రార్థన ఉంది, సంఘం ఉంది, వాక్యం ఉంది."

"అవి ఉంటే క్రైస్తవ నవల అయిపోతుందా? పందిట్లో కూర్చున్నవాళ్ళందరూ పెళ్ళికొడుకులేనా?"

"మరేం ఉండాలండి?"

"ఎంత చెడ్డవాడికైనా తిరిగొచ్చే దారి ఒకటి ఉండాలి. వస్తాడా రాడా అన్నది వాడిష్టం. రాసేవాళ్ళు మాత్రం గొళ్ళెం పెట్టకూడదు. నీతులు కావాలంటే ఆదివారం ఊరికే దొరుకుతాయి. మరి నెలనెలా మన పత్రిక ఎందుకు తెప్పించుకుంటున్నారనుకున్నావ్? ఇంట్లో తాగొచ్చే మొగుడికో, మాట్లాడ్డం మానేసిన అన్నకో ఇంకా దారి ఉందని నమ్ముదామని. ఆ నమ్మకం లాగేసుకునే హక్కు నీకూ లేదు, నాకూ లేదు."

"నా మొహం మీద తలుపేసినాయనకి నేను తలుపు తియ్యాలన్నమాట."

"తియ్యి. కాని దారంటే తివాచీ పరిచి పిలవడం అనుకున్నావా? ఆ దారిలో వచ్చేవాడు ముందు నోరు విప్పాలి. నలుగురిలో అన్నది నలుగురిలోనే ఒప్పుకోవాలి." ఆవిడ కాగితాలు ఆమె చేతిలో పెట్టారు. "చచ్చిపోవడం తేలికమ్మా. అది అందరికీ వస్తుంది."

తిరుగు బస్సులో పాశర్లపూడి వంతెన దాటుతుండగా ఝాన్సీకి ఆ మాట అర్థమైంది. నిందితుడు చనిపోతే కేసు అక్కడితో మూతపడుతుంది. వాడు నిర్దోషిగా పోయినట్టే. ఇన్నాళ్ళూ తాను వాడిని తప్పించడానికే కష్టపడిందన్నమాట. ఆమె కిటికీ పక్కన కూర్చుని చివరి భాగాన్ని ముక్కలుగా చింపింది.

తర్వాతి సంచికలో అట్ట వెనక ఒక ప్రకటన వచ్చింది: 'వచ్చే నెల ముగింపు. సంఘపెద్ద నోరు విప్పుతాడా?' అది వచ్చిన వారంలోనే కొండబాబు స్కూటరు ఝాన్సీ గుమ్మం ముందు ఆగింది. మధ్యాహ్నం ఎండ, వీధిలో జనం లేని వేళ. అందుకే ఆ వేళ ఎంచుకున్నాడు.

"ఏమ్మా ఝాన్సీ, బావున్నావా."

"ఆయ్, బావున్నానండి. కూర్చోండి." ఆమె మిషను తొక్కడం ఆపలేదు.

కొండబాబు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నీ కథ రత్నం చదువుతుంటే వింటున్నాను. బాగానే రాస్తున్నావ్. ఆ పెద్దమనిషిని ఏం చేద్దామనుకుంటున్నావ్?"

"మీరు చెప్పండి. ఏం చెయ్యమంటారు?"

"చంపేయమ్మా."

మిషను ఆగింది.

"పంటు మీద ఏరు దాటుతుంటే జారి వశిష్ఠలో పడిపోయేడని రాయి. లేదంటే గుండె ఆగిందని రాయి. దేవుడు శిక్షించేడని అందరూ సంతోషిస్తారు. ఆ ఒప్పుకోలూ అదీ ఎందుకు? కథ సాగదీసినట్టుంటుంది."

"మా కథల్లో అలా చంపరండి పెద్దగారూ. ఎంతటివాడికైనా దారి ఉంచుతారు. మీరే కదండీ, క్రైస్తవ కథంటే ఇదీ అని పత్రిక ఎత్తి చూపించేరు."

కొండబాబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "సరే, అసలు మాట చెబుతాను. వచ్చే ఆదివారం నువ్వు ముందు చాప మీద కూర్చో. పళ్లెం నీకు అందుతుంది. ఎవరూ ఏమీ అనరు, నేను చూసుకుంటాను. ఆ భాగం మాత్రం రాయకు."

ఇన్నేళ్ళుగా ఆమె కోరుకున్నది ఆ మనిషి తనంతట తానే తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ఆదివారం, ముందు చాప, తన చేతికి పళ్లెం. ఝాన్సీ చేతిలోని గుడ్డను మడతపెట్టింది. ఆ మడత పూర్తయ్యేవరకు ఆమె ఒప్పుకుంటుందో లేదో ఆమెకే తెలియదు.

"నన్నంటే ముందు చాప మీద కూర్చోబెడతారు. మా అమ్మని ఏ చాప మీద కూర్చోబెడతారండీ?"

కొండబాబు స్కూటరు తాళం చేతిలోకి తీసుకున్నాడు. "పగబట్టిన మనిషి రాసింది క్రైస్తవ కథ ఎలా అవుతుందమ్మా" అని మాత్రం అన్నాడు, లేస్తూ.

"అదే నాకూ అనుమానంగా ఉందండి" అంది ఝాన్సీ. "రాసి చూస్తాను."

ఆ ఒప్పుకోలు రాయడం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. ఆ మనిషి నోరు విప్పాలంటే, ఆ మనిషి లోపలికి దిగాలి. అది ఆమెకు అసహ్యం. చావు రాసినప్పుడు బయట నిలబడి రాళ్ళు వేస్తే సరిపోయింది. ఇప్పుడు, బామ్మర్ది మోసం బయటపడితే సంఘంలో తన కుర్చీ ఏమవుతుందోనని అన్నం సహించక కూర్చున్న ఒక పిరికివాణ్ణి చూడాల్సి వచ్చింది. భార్యతో ఆ రాత్రి ఏమని ఉంటాడో ఊహించాల్సి వచ్చింది. ఆమె వాడిమీద జాలిపడలేదు. జాలి వస్తుందేమోనన్న కోపంతో, ఎక్కడా సందు లేకుండా, ఒక్క 'కాని' గాని, ఒక్క 'అయితే' గాని లేకుండా ఆ ఒప్పుకోలు రాసింది. ఏజెంటు సంగతి ముందే తెలుసన్నది, అడగకుండా తీర్పు చెప్పానన్నది, సమాధి దగ్గర ముసలామె మీద అబద్ధం చెప్పానన్నది, అన్నీ వాడి నోటితోనే చెప్పించింది. చివర నాయిక క్షమించింది. దానికి ఒక్క వాక్యం ఖర్చుపెట్టింది. అంతకన్నా ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆ శుక్రవారం కూటం గదిలో చోటు చాలక కొందరు అరుగు మీద కూర్చున్నారు. రత్నం చదివింది. మొదట గొంతు గట్టిగానే ఉంది. కథలో సంఘపెద్ద తన భార్య గురించి చెప్పే చోటికి వచ్చింది: "ఆ పిల్ల తప్పు ఏమీ లేదని నా భార్య ఆ రాత్రే అంది. నీ తమ్ముడు జైలుకి పోతాడు, నోరుమూసుకో అన్నాను. మూసుకుంది."

రత్నం ఆగిపోయింది. పత్రిక ఒళ్ళో పెట్టుకుంది.

"పిన్నిగారూ, నేను చదవనాండి?" అంది పక్కనున్న సత్యదుర్గ అనే అమ్మాయి.

"వద్దు. నేనే చదువుతాను." ఆమె ఝాన్సీ వైపు చూసింది. "ఇది నీకెవరు చెప్పేరే?"

"ఎవరూ చెప్పలేదండి. అనుకుని రాసేను."

"బాగానే అనుకున్నావ్" అంది రత్నం. "ఆ మాట మా వంటింట్లో అన్నదే." తర్వాత పత్రిక తీసుకుని చివరి అక్షరం దాకా, ఎక్కడా తడబడకుండా చదివింది.

ఆదివారం రత్నం ముందు చాప మీద కూర్చోలేదు. ముసుగు సవరించుకుంటూ నేరుగా గోడదాకా నడిచి, చిన్నమ్మలు కూర్చునే చోట కూర్చుంది. మగవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ఆడవాళ్ళకు అంతా అర్థమైంది. వాళ్ళలో ఒక్కరు కూడా పాటకు గొంతు కలపలేదు. వాళ్ళందరూ ఒకే మనిషిని చూస్తున్నారు. కథ పూర్తిగా చదివిన మనుషుల చూపు అది. జరగాల్సింది ఏమిటో తెలుసు, ఇంకా ఎందుకు జరగడం లేదన్నదే వాళ్ళ ప్రశ్న.

రొట్టె విరవడానికి కొండబాబు లేచాడు. రొట్టెను చేతిలోకి తీసుకుని, భార్య లేని ముందు చాపను చూశాడు, వెనక చాపను చూశాడు. అలవాటైన మాటే నోటికి వచ్చింది.

"ప్రభువు నా నోట పెట్టేరు..."

అక్కడ ఆగాడు. ఆ వాక్యం ఇప్పుడు ఆయనది కాదు. పేటలో పిల్లలు కూడా దాన్ని ఆటల్లో వాడుతున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన తప్పించుకునేవాడేమో.

"ఎవరూ పెట్టలేదు" అన్నాడు కొండబాబు. "ఝాన్సీ గురించి ఆరోజు నేనే అన్నాను. అది నిజం కాదు. నాకు తెలిసే అన్నాను. చిన్నమ్మలుగారి గురించి అన్నది కూడా."

నవలలో ఉన్నంత పొడుగ్గా లేదు. నవలలో ఉన్నంత అందంగానూ లేదు. రొట్టె విరవకుండానే పళ్లెంలో పెట్టి పక్కనున్న ముసలి పెద్దకు ఇచ్చి, కూర్చున్నాడు. ఆ ముసలాయన విరిచి పళ్లెం సాగనంపాడు. కొండబాబు దాన్ని ముట్టకుండా పక్కకు అందించాడు. పళ్లెం ఆడవాళ్ళ వైపు వచ్చింది, ముందు చాప దాటింది, రెండో చాప దాటింది. ఎప్పుడూ తిరిగిపోయే చోట ఒక్క క్షణం నిలిచి, సత్యదుర్గ చేతిలోంచి వెనక చాప మీదికి వచ్చింది.

ఝాన్సీ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. రొట్టె ముక్కల వైపు చూసింది. తల్లి కోసం వెతికినట్టు పక్కకు చూస్తే అక్కడ రత్నం ఉంది. తర్వాత ఏమీ తీసుకోకుండా పళ్లేన్ని రత్నం చేతిలో పెట్టింది.

"తీసుకోవేంటే?" అంది రత్నం, గుసగుసగా.

"ఇంకా క్షమించలేదండి పిన్నిగారూ."

"నవల్లో క్షమించేసేవుగా."

"ఆవిడ మంచిదండి" అంది ఝాన్సీ. "నాకు ఇంకా టైం పడుతుంది."

రత్నం ఒక్క నిమిషం ఆలోచించి, తానూ తీసుకోకుండానే పళ్లేన్ని వెనక్కి పంపింది. ఆ పళ్లెం చాపలన్నీ దాటి ముందుకు చేరింది. అందులో మిగిలిన ముక్కలు ఎవరెవరు ముట్టనివో కొండబాబు చూశాడు. ఆయన చూసేదాకా ఝాన్సీ తల దించలేదు.